రోల్ డికే టెస్టు: సోమవారం ఒక లెక్క, గురువారం ఇంకో లెక్క. ఏది నమ్మాలి?

1. నీటిగీత
ఎంటెక్ ప్రాజెక్టు. కంటైనర్ ఓడ మోడల్, 1:64 స్కేలు. అసలు ఓడ వెడల్పు 32.2 మీటర్లు, మోడల్‌కి వచ్చేసరికి అరమీటరు. జీఎం (ఒరిగిన ఓడ ఎంత గట్టిగా నిటారుకి లేస్తుందో చెప్పే ఎత్తు, మెటాసెంట్రిక్ హైట్) 25 మిల్లీమీటర్లకి సర్దాను, రోల్ పీరియడ్, అంటే అటూ ఇటూ ఒక పూర్తి ఊపుకి పట్టే సమయం, 2.55 సెకన్లు వచ్చింది. కదలని నీళ్లలో మోడల్‌ని ఒక పక్కకి 15 డిగ్రీలు ఒరగదీసి వదిలెయ్యడం, అది ఊగి ఊగి ఆగేదాకా గైరోతో కోణం రికార్డు చెయ్యడం. చూడ్డానికి ఇంతే పని.

సోమవారం చేశాను. డ్యాంపింగ్ (ఊపుని చల్లార్చే గుణం, క్రిటికల్ డ్యాంపింగ్‌లో శాతంగా) 10 డిగ్రీల దగ్గర 5.1 శాతం, 5 డిగ్రీల దగ్గర 3.5, 2 డిగ్రీల దగ్గర 2.5. గురువారం అదే మోడల్, అవే బరువులు, అదే నీళ్లు. ఈసారి 5.4, 4.1, 4.1.

మా గైడ్ గారు "రెండు రోజులవీ కలిపి సగటు రాసెయ్" అన్నారు. సోమవారం సగటు 3.7, గురువారం సగటు 4.5. ఏది తప్పో తెలియకుండా రెండూ కలిపేస్తే తప్పుని కూడా కలిపేసినట్టే కదా? రెండు రాత్రులుగా ఇదే ఆలోచన. ఎవరైనా ఇలాంటిది చూశారా?

2. బల్క్‌హెడ్
గైడ్ చెప్పాక ఇంకేంటి, రాసెయ్. రోల్ డ్యాంపింగ్‌లో ఇరవై శాతం అటూ ఇటూ అందరికీ వస్తుంది.

3. చీఫ్‌మేట్_విజయనగరం
అందరికీ వస్తుంది అని వదిలెయ్యకండి సార్. ఆ అంకె పెట్టి గీసిన ఓడ మీద మేం నిద్రపోతాం. నీటిగీత గారూ, మీ అనుమానం మంచిది, వదలకండి.

4. ఊపులెక్క
సగటు మాట పక్కన పెట్టండి. నాకు వింతగా ఉన్నది వేరే. 10 డిగ్రీల దగ్గర రెండు రోజులూ దాదాపు కలుస్తున్నాయి, 2 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి విడిపోతున్నాయి. ఏదో పద్ధతిగా తప్పు జరిగింది, అది గాలివాటు తేడా కాదు. కొన్ని అడుగుతాను:
మోడల్ ట్యాంక్ పొడవు వెంట పెట్టారా, అడ్డంగా పెట్టారా? ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ మధ్య ఎంతసేపు ఆగారు? చేత్తో వదిలారా, తాడు తెంపారా? మోడల్‌కి ఏమేం తగిలి ఉన్నాయి?

5. నీటిగీత
అడ్డంగానే పెట్టాను. ట్యాంక్ వెడల్పు 4 మీటర్లు, మోడల్ 3.28, ఎలాగోలా పట్టింది. రన్‌కీ రన్‌కీ మధ్య పావుగంట. వదలడం చేత్తోనే, కానీ మొదటి రెండు ఊగులూ లెక్కలోంచి తీసేశాను. మోడల్ కొట్టుకుపోకుండా ముందూ వెనకా సన్నటి ఎలాస్టిక్ దారాలు, నీటి మట్టం దగ్గర కట్టాను. సోమవారానికీ గురువారానికీ ఏమీ మార్చలేదు.

6. గ్రిడ్‌మేస్త్రి
2026లో కూడా ట్యాంక్ పక్కన పావుగంట చొప్పున కూర్చోవడం ఎందుకండీ? సీఎఫ్‌డీలో (నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టడం) పెట్టెయ్యండి. దారాలు ఉండవు, చేతులు ఉండవు, నీళ్లు నిదానించేదాకా ఆగడం ఉండదు.

7. బల్క్‌హెడ్
అడ్డంగా పెట్టడంలో తిరకాసు ఏంటి?

8. ఊపులెక్క
@బల్క్‌హెడ్ మోడల్ ఊగుతూ రెండు పక్కలకీ అలలు పంపుతుంది. 2.55 సెకన్ల పీరియడ్ అంటే అల పొడవు పది మీటర్ల దాకా, ఆ అల శక్తి సెకనుకి రెండు మీటర్ల చొప్పున పోతుంది. ట్యాంక్ పొడవు వెంట పెట్టామనుకోండి, గోడ రెండు మీటర్ల దూరం కూడా లేదు. రెండు సెకన్లు తిరక్కుండానే తన అల తనకే వచ్చి తగులుతుంది. ఒక ఊపు కూడా పూర్తి కాదు. అప్పుడు కొలిచేది ఓడ డ్యాంపింగ్ కాదు, గోడతో ఓడకి నడిచే వ్యవహారం. అడ్డంగా పెడితే అలలు ట్యాంక్ పొడవునా పోయి అటు చివర బీచ్‌లో (అలల్ని మింగే వాలు) చస్తాయి.

ఆమె అది సరిగ్గానే చేశారు. పావుగంట ఆగడమూ సరే.

@గ్రిడ్‌మేస్త్రి సీఎఫ్‌డీ సంగతి తర్వాత మాట్లాడదాం. దాన్ని సరిచూసుకోవడానికైనా మీకు ఈ కొలతే కావాలి.

9. కొయ్యనమూనా
ముప్ఫై ఏళ్లు మోడళ్లు చేసి రిటైరైనవాణ్ణి. లెక్కలు నాకు రావు, చెక్క వచ్చు, చేతికి తెలిసింది చెబుతాను.

బిల్జ్ కీల్ చూడమ్మా, ఊపు తగ్గించడానికి ఓడ అడుగు మూల వెంట పొడుచుకొచ్చేలా పెట్టే రేకు. అసలు ఓడలో 40 సెంటీమీటర్లు ఉంటే నీ మోడల్‌లో 6 మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల మందానికి మూడింతలు ఉంటుందేమో. దాన్ని ఆరల్‌డైట్‌తో అతికిస్తే జిగురు మూలల్లో పొంగి గుండ్రంగా గడ్డకడుతుంది. ఇంకొందరు రేకు అంచు మీద కూడా పెయింటు పూసి మందం చేస్తారు. బిల్జ్ కీల్ పనిచేసేదంతా ఆ పదునైన అంచు మీదే. నీరు ఆ అంచు దగ్గర తెగి సుడి తిరగాలి. అంచు మొద్దుబారితే సుడి మొద్దుబారుతుంది. మేము ఇత్తడి రేకు వాడేవాళ్లం, అరమిల్లీమీటరు మందం. అతికించాక జిగురు ఆరకముందే వెదురుపుల్లతో మూల వెంట గీసి తీసేవాళ్లం. వేలి గోరు అంచు మీద పెట్టి లాగితే గీరుకోవాలి, అప్పుడే వదిలిపెట్టేవాణ్ణి.

సోమవారం తర్వాత ఎక్కడైనా రేకు ఊడి మళ్లీ అతికించావా?

10. నీటిగీత
లేదు మాస్టారూ. ఇప్పుడే వెళ్లి గోరు పెట్టి చూశాను, గీరుకుంది. కుడి పక్క వెనక చివర మాత్రం ఒక అంగుళం జిగురు పొంగి ఉంది. అది సోమవారం కూడా ఉంది.

11. కొయ్యనమూనా
అయితే అది కాదు. ఆ అంగుళం మాత్రం గీసెయ్.

12. ఊపులెక్క
మాస్టారు చెప్పినది బంగారం, కానీ ఈ కేసులో బిల్జ్ కీల్ దోషి కాదని ముందే అనిపించింది. కాగితం మీద చేశాను, మీరూ చెయ్యండి.

ఇంగ్లీషు ఇంజనీరు విలియం ఫ్రూడ్ పద్ధతి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోయే ఒక్కో ఊగులో కోణం ఎంత పోయిందో తీసుకో. ఆ నష్టం రెండు ముక్కలు: ఒకటి కోణంతో పెరిగేది, రెండోది కోణం వర్గంతో పెరిగేది. మీ శాతాన్ని π (3.14)తో గుణించి, మళ్లీ కోణంతో గుణిస్తే ఒక్కో ఊగుకి పోయే డిగ్రీలు వస్తాయి.

సోమవారం: 10 దగ్గర 1.6 డిగ్రీలు, 5 దగ్గర 0.55, 2 దగ్గర 0.16.
మొదటి ముక్క 0.06, రెండోది 0.01 అనుకుంటే ఈ మూడూ అచ్చుగుద్దినట్టు వస్తాయి. 0.6 ప్లస్ 1.0, 0.3 ప్లస్ 0.25, 0.12 ప్లస్ 0.04. ఆరోగ్యంగా ఉన్న ఓడ ఇలాగే ఉంటుంది.

గురువారం: 1.7, 0.65, 0.26.

ఇప్పుడు గురువారం వరసలోంచి సోమవారం వరస తీసెయ్యండి.

13. చీఫ్‌మేట్_విజయనగరం
మూడు చోట్లా 0.1!

14. ఊపులెక్క
అదే. కోణం పదైనా రెండైనా ఒక్కో ఊగుకి పదోవంతు డిగ్రీ ఎవరో మింగేస్తున్నారు. నీరు అలా చెయ్యదు. నీటి నిరోధం వేగంతో పెరుగుతుంది, వేగం తగ్గితే తగ్గుతుంది. ఎంత నెమ్మదిగా కదిలినా అంతే బలంగా పట్టుకునేది ఒక్కటే, పొడి రాపిడి. గట్టి వస్తువు గట్టి వస్తువుకి రాసుకోవడం. పెద్ద కోణాల్లో అది కనపడదు, నీటి డ్యాంపింగ్ ముందు అదెంత. చిన్న కోణాలకి వచ్చేసరికి మొత్తం అదే అయి కూర్చుంటుంది. గురువారం డేటాలో ఒక డిగ్రీ దాకా చూడండి, శాతం మళ్లీ పైకి లేస్తూ ఉండాలి.

నీటిగీత గారూ, గురువారం మోడల్‌కి ఏదో రాసుకుంది. వెతకండి.

15. నీటిగీత
1 డిగ్రీ దగ్గర 5.4 శాతం. నిజంగానే పైకి లేచింది. నేనేమో అది గైరో నాయిస్ అనుకుని ఆ ముక్క కత్తిరించేశాను.

16. కాకినాడ_బోటు
నాకు మీ శాతాలు తెలీదు కానీ ఈ థ్రెడ్ వదలబుద్ధి కావట్లేదు. రాసుకున్నది ఏంటో దొరికాక చెప్పండి, మధ్యలో మాయమైపోకండి.

17. పాతపుటలు
ఊపులెక్క గారు ఫ్రూడ్ పేరెత్తారు కాబట్టి ఒక్క మాట. ఆయన ఓడల ఊపు మీద మొదటి పత్రం చదివింది 1861లో. ఇంగ్లండ్‌లో టార్కే దగ్గర తన ఇంటి పక్కనే ట్యాంక్ కట్టించుకున్నది 1870ల మొదట్లో, మోడళ్లు పారఫిన్ మైనంతో పోసేవాడు. అయినా నావికాదళం బిల్జ్ కీళ్లని వెంటనే నమ్మలేదు. రాయల్ సావరిన్ తరగతి యుద్ధనౌకలు మొదట బిల్జ్ కీళ్లు లేకుండానే దిగాయి. 1893లో వాటిలో ఒకటి, రిజల్యూషన్, బిస్కే అఖాతంలో భయంకరంగా ఊగింది. ఆ తర్వాత బిగించారు. అప్పట్లో నిజం ఓడ మీద డికే టెస్టు చెయ్యాలంటే డెక్ మీద వందల మంది సిబ్బంది తాళం ప్రకారం ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తేవాళ్లు. ఓడ ఊపు అందుకున్నాక అందరూ నిలబడిపోతే అది చల్లారడాన్ని కొలిచేవాళ్లు. ఈవిడ చేత్తో వదిలినదే, కాకపోతే వందల కాళ్లతో.

18. బల్క్‌హెడ్
ఆ రోజు వాళ్లకి రెండో భోజనం పెట్టే ఉంటారు.

19. నీటిగీత
దొరికింది!!

గైరో కేబుల్. బుధవారం సాయంత్రం మా ల్యాబ్ అటెండర్ పాత కేబుల్ కనెక్టర్ వదులైందని కొత్త కేబుల్ వేశాడు. మంచి ఉద్దేశంతోనే వేశాడు, నాకు చెప్పాడు కూడా, నేనే పట్టించుకోలేదు. కాబట్టి "ఏమీ మార్చలేదు" అని నేను 5వ పోస్టులో రాసింది తప్పు. పాతది సన్నం, మెత్తగా పైన కొక్కెం నుంచి వేలాడేది. కొత్తది నల్లటి తొడుగుతో లావుగా ఉంది, క్యారేజీ (ట్యాంక్ మీద నడుస్తూ మోడల్‌ని లాగే బండి) పట్టా నుంచి మోడల్ అంచు మీదుగా లోపలికి దిగుతోంది. మోడల్‌ని రెండు వేళ్లతో మెల్లగా ఊపి చెవి దగ్గర పెట్టి విన్నాను. సర్... సర్... అని ప్రతి ఊపుకీ అంచు మీద పాకుతోంది. అంచు మీద పెయింటు కూడా ఒక గీత మేర మెరిసిపోయింది.

20. కాకినాడ_బోటు
చెవి పెట్టి వినడం, ఇది మా నాన్న ఇంజను దగ్గర చేసే పని. శభాష్.

21. ఊపులెక్క
చాలా సంతోషం. ఇకనుంచి ఏ డికే టెస్టులో అయినా మోడల్‌ని ఒరగదీసి వదిలే ముందు రెండు వేళ్ల పరీక్ష చెయ్యండి. ఇంకోటి, కత్తిరించిన డేటా ఎప్పుడూ పారెయ్యొద్దు. మీ నేరస్తుడు దొరికింది ఆ కత్తిరించిన ముక్కలోనే.

22. గ్రిడ్‌మేస్త్రి
ఇదే నేను చెప్పేది. సీఎఫ్‌డీలో కేబుల్ ఉండదు.

23. ఊపులెక్క
కేబుల్ ఉండదు, నిజమే. బిల్జ్ కీల్ అంచు దగ్గర గ్రిడ్ (లెక్క కోసం నీటిని విడగొట్టే గళ్లు) ముతకైతే సుడి సరిగ్గా తెగదు, రెండు డిగ్రీల ఊపుకి గ్రిడ్ వల్లే పుట్టే దొంగ డ్యాంపింగ్ ఇంకో కేబుల్ అవుతుంది. దానికి చెవి పెట్టి వినడం కుదరదు. సీఎఫ్‌డీ వద్దని కాదు, నేనూ వాడతాను. మోడల్ కొలత పక్కన పెట్టుకుని వాడతాను.

24. గ్రిడ్‌మేస్త్రి
గ్రిడ్ మాట ఒప్పుకుంటున్నాను. నా మొదటి రన్‌లో బిల్జ్ కీల్ ఎత్తు మీద నాలుగే సెల్స్ ఉన్నాయి, జవాబు సగమే వచ్చింది. కానీ అసలు ఓడ స్కేలులో చేసి చూసే వీలు మీ ట్యాంక్‌కి లేదు. మోడల్‌లో హల్ (ఓడ బయటి ఒళ్లు) మీద నీటి రాపిడి వాటా ఎక్కువగా వస్తుంది. చిన్న మోడల్‌కి మొత్తంలో పది శాతం దాకా ఉంటుంది, అసలు ఓడకి ఒకటి నుంచి మూడు. అది తీసేశారా నీటిగీత గారూ?

25. నీటిగీత
తియ్యలేదు. ఎలా తియ్యాలి?

26. ఊపులెక్క
ఇది గ్రిడ్‌మేస్త్రి మంచి ప్రశ్న అడిగారు. ఒసాకాలో ఇకెడా, హిమెనో, తనాకా 1970ల్లో చేసిన పని చూడండి. డ్యాంపింగ్‌ని ముక్కలు చేశారు: హల్ మీద రాపిడి, హల్ కింద సుడులు, పంపించే అలలు, ముందుకి నడిచేటప్పుడు పుట్టే లిఫ్టు, బిల్జ్ కీళ్లు. వీటిలో రాపిడి ఒక్కటే స్కేలుతో బాగా మారుతుంది. కాటో 1958లో ఇచ్చిన సూత్రంతో మోడల్‌కి రాపిడి లెక్కకట్టి తీసేసి, ఓడకి లెక్కకట్టి కలపాలి. సుడులు, బిల్జ్ కీల్ దాదాపు యథాతథంగా తీసుకోవచ్చు, ఎందుకంటే నీరు తెగే చోటు అంచు దగ్గరే స్థిరంగా ఉంటుంది.

మొత్తం ఇకెడా సూత్రాలతోనే కట్టేసి టెస్టు మానేసేవాళ్లూ ఉన్నారు. మామూలు ఆకారాలకి బాగానే వస్తుంది. వెడల్పుకీ డ్రాఫ్టుకీ (నీళ్లలో మునిగిన లోతు) నిష్పత్తి 2.5 నుంచి 4.5 మధ్య ఉన్నవాటికి సులభ సూత్రాలు కూడా ఉన్నాయి. మీది 32.2 బై 11.5, అంటే 2.8, లోపలే ఉంది. టెస్టు పక్కన అదీ గీయండి.

27. చీఫ్‌మేట్_విజయనగరం
2 డిగ్రీల దగ్గర 2.5 అయితేనేం, 4.1 అయితేనేం, ఓడ మునిగేది 40 డిగ్రీల దగ్గర కదా అని ఎవరైనా అనుకుంటారేమో. నా అనుభవం రాస్తాను.

ఉత్తర పసిఫిక్, చలికాలం, కంటైనర్ ఓడ. అలలు నేరుగా ముక్కు మీదికి వస్తున్నాయి. పుస్తకం ప్రకారం ఎదురుగా పెట్టుకుంటే ఓడ ముందూ వెనకా లేచి పడుతుంది, పక్కలకి ఊగకూడదు. కొట్టుడు ఎక్కువైందని వేగం తగ్గించాం. కాసేపటికి చార్టు టేబుల్ మీద పెన్సిలు అటూ ఇటూ దొర్లడం మొదలైంది. రెండు మూడు డిగ్రీలు. నేను పెన్సిలు ఆపి మళ్లీ పెట్టాను, మళ్లీ దొర్లింది, ఈసారి కింద పడింది. మూడు నిమిషాలు తిరక్కుండా 28 డిగ్రీలు ఊగుతున్నాం. పక్కనుంచి ఒక్క అల లేదు. వంటవాడు వంటగదిలో కింద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కెప్టెన్ గారు దిశ మార్చి వేగం కొంచెం పెంచాక గానీ చల్లారలేదు.

పెన్సిలు దొర్లింది రెండు డిగ్రీల దగ్గరే. అక్కడ డ్యాంపింగ్ సరిపోయి ఉంటే అక్కడే ఆగిపోయేది.

28. నీటిగీత
ఇది చదివాక ఒళ్లు జలదరించింది. ఇది పారామెట్రిక్ రోల్ కదా?

29. ఊపులెక్క
అచ్చంగా అదే. 1998 అక్టోబరులో ఉత్తర పసిఫిక్‌లోనే ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడ ఇలాగే 35, 40 డిగ్రీల దాకా ఊగి వందల కంటైనర్లు పోగొట్టుకుంది. ఆ తర్వాతే ప్రపంచమంతా దీని మీద పడింది.

అల శిఖరం ఓడ నడుమ ఉన్నప్పుడు జీఎం తగ్గుతుంది, పల్లం నడుమ ఉన్నప్పుడు పెరుగుతుంది. రోల్ పీరియడ్‌లో సగం కాలానికి ఒక అల చొప్పున వస్తే ఆ మార్పు ఊపుని తోస్తుంది. ఉయ్యాల మీద నిలబడి సరైన సమయానికి కూర్చుంటూ లేస్తూ ఊపు పెంచే పిల్లలా. నీటిగీత గారి ఓడకి పూర్తి స్కేలులో పీరియడ్ 20 సెకన్లు, అంటే 10 సెకన్లకో అల ఎదురైతే చాలు.

మొదలవుతుందా లేదా అనేది తేల్చేది చిన్న కోణం డ్యాంపింగ్. జీఎంలో వచ్చే మార్పు శాతం, డ్యాంపింగ్ శాతానికి నాలుగింతలు దాటితే ఊపు పెరుగుతుంది. 2.5 అయితే జీఎం పది శాతం మారితే చాలు. 4.1 అనుకుంటే పదహారు దాకా ఏమీ కాదని రాసేస్తాం. ఎంతవరకు పెరిగి ఆగుతుందో తేల్చేది పెద్ద కోణం డ్యాంపింగ్. అంటే ఆ కేబుల్ రాపిడి అచ్చంగా ప్రమాదం ఉన్న చోటే "ప్రమాదం లేదు" అని చెప్పింది. అందుకే ఒక సగటు అంకె రాయొద్దంటున్నాను. గీత మొత్తం ఇవ్వండి, రెండు ముక్కలూ విడివిడిగా.

30. బల్క్‌హెడ్
2వ పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. నేను టగ్గులు చూసేవాణ్ణి, మాకు ఈ బాధ లేదు. కానీ వేగం తగ్గిస్తే ఊపు పెరగడం ఏంటి చీఫ్ గారూ, రెండూ ఒకదానికొకటి సంబంధమా?

31. ఊపులెక్క
నేను చెప్తాను. పైన చెప్పిన లిఫ్టు ముక్క వేగంతో వస్తుంది. ఓడ నడుస్తున్నప్పుడు హల్లే ఒక రెక్కలా పనిచేసి ఊపుని అణుస్తుంది. వేగం తగ్గిస్తే ఆ రెక్క పోతుంది. పైగా ఎదురయ్యే అలల కాలం మారి సరిగ్గా మీ ఓడ రోల్ పీరియడ్‌లో సగం దగ్గరకి వచ్చి ఉండొచ్చు. నీటిగీత గారి టెస్టు నిలబడి ఉన్న ఓడకి, అంటే గడ్డు పరిస్థితికి. వీలైతే క్యారేజీతో మెల్లగా లాగుతూ కూడా చెయ్యండి.

32. నీటిగీత
మా క్యారేజీ దొరకాలంటే నెల ముందు పేరు రాయాలి. రాస్తాను. విశాఖలో ఎన్ఎస్టీఎల్ (నావికాదళ పరిశోధన ల్యాబ్) వాళ్లకి 500 మీటర్ల టోయింగ్ ట్యాంక్, 135 మీటర్ల పొడవు 37 మీటర్ల వెడల్పు సీకీపింగ్ బేసిన్ (అలల్లో ఓడ నడత చూసే కొలను) ఉన్నాయి. అలాంటి వెడల్పు ఉంటే అడ్డంగా నిలువుగా అనే గొడవే ఉండదు. నాది నాలుగు మీటర్ల కాలువ.

33. కొయ్యనమూనా
కాలువే చాలమ్మా. ఫ్రూడ్ గారిదీ కాలువే.

34. కాకినాడ_బోటు
మా బోటు 5 మీటర్ల వెడల్పు. మా నాన్న రేవులో ఐసు ఎక్కించాక ఒక పక్క అంచు మీద కాలు పెట్టి తోసి, మనసులో అంకెలు లెక్కపెడతాడు. బోటు నిదానంగా లేస్తే "ఇది బద్ధకంగా ఉంది" అని పైనున్న వలలు కిందకి దింపిస్తాడు. అదీ డికే టెస్టేనా?

35. ఊపులెక్క
సగం అదే, ఆ సగమూ విలువైనదే. ఆయన కొలిచేది పీరియడ్. పీరియడ్ సుమారుగా 0.8 ఇంటు వెడల్పు, బై జీఎం వర్గమూలం. మీ బోటుకి 5 సెకన్లు అయితే జీఎం 0.64 మీటరు. 7 సెకన్లు అయ్యిందంటే 0.33, సగానికి పడిపోయినట్టు. వలలు దింపించడం నూటికి నూరుపాళ్లు సరైన పని. చిన్న ఓడల స్థిరత్వానికి ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) కోడ్‌లో కూడా ఈ పీరియడ్ పరీక్ష ఉంది. ఆయన ఇంకొక్క పని చేస్తే డ్యాంపింగ్ కూడా తెలుస్తుంది: తోసి వదిలాక ఎన్ని ఊపులకి సగానికి తగ్గిందో లెక్కపెట్టమనండి. కట్టుతాళ్లు మాత్రం వదులుగా ఉండాలి, లేకపోతే మన కేబుల్ కథే.

36. కాకినాడ_బోటు
చెప్పాను. "తాళ్లు బిగిసుంటే లెక్క రాదని నాకు తెలీదా" అన్నాడు.

37. నీటిగీత
శనివారం రన్ అయ్యింది. పాత సన్న కేబుల్ కనెక్టర్ మళ్లీ టంకం వేయించాను, పైకప్పు కొక్కెం నుంచి వదులుగా వేలాడదీశాను, రెండు వేళ్ల పరీక్ష చేశాను, చప్పుడు లేదు. ఆరు రన్లు, మూడు కుడి పక్కకి ఒరగదీసి, మూడు ఎడమకి. 10 దగ్గర 5.1, 5 దగ్గర 3.5, 2 దగ్గర 2.6. ఒక డిగ్రీ దగ్గర 2.2, పైకి లేవలేదు. గురువారం డేటా కూడా థీసిస్‌లో పెడుతున్నాను, అనుబంధంలో, కేబుల్ ఫోటోతో. గైడ్ గారికి 12వ పోస్టు లెక్క చూపించాను. కాగితం తీసుకుని మళ్లీ తనే చేసుకున్నారు, "సగటు వద్దులే" అన్నారు.

ఇప్పుడు బిల్జ్ కీళ్లు తీసేసి అదే టెస్టు చెయ్యాలి, వాటి వాటా విడిగా తెలియాలంటే. మాస్టారూ, ఆరల్‌డైట్‌తో అతికిన రేకు మోడల్ చెక్కకుండా ఎలా తియ్యాలి?

38. కొయ్యనమూనా
ఉలి మాత్రం పెట్టకు. ముందు పెన్సిలుతో రేకు కూర్చున్న చోటు రెండు పక్కలా గీత గీసుకో, మళ్లీ అక్కడే పెట్టాలిగా. తర్వాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఒక చివర నుంచి జానెడు జానెడు వేడి చెయ్యి. ఇత్తడి వేడి పట్టుకుంటుంది, కింద జిగురు మెత్తబడుతుంది. పాత పోస్టుకార్డు అంచు దూర్చి మెల్లగా లేపు, తొందరపడి లాగావంటే పెయింటు పొర ఊడొస్తుంది. వెనక చివర పొంగిన ఆ అంగుళం దగ్గర మొదలుపెట్టకు, అది చివర తియ్యి.